డ్రిల్ బిట్లు, ఉప్పుగాలి, ఒక పసుపు గుడ్డ

డ్రిల్ బిట్లు ఎలా సర్దుకోవాలి అన్నదాని మీద కూడా మనిషికి ఒక అభిప్రాయం ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉంటుందండీ. ఇదివరకు నాకూ లేదు. ఉన్నదల్లా అభిప్రాయం అనుకున్న ఒక అలవాటు. అసలు అభిప్రాయం 2024 ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున, ఒక రొయ్యల గుంట గట్టు మీద ఏర్పడింది. అది కాస్త ఖరీదైన అభిప్రాయం. ఖరీదు నేను కట్టలేదు, వేరేవాళ్ళు కట్టారు. అందుకే రాయాలనిపించింది.

మాది నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో ఒక ఊరు. ఇంటి మేడెక్కితే సముద్రం కనపడదు గానీ రాత్రిపూట హోరు వినపడుతుంది. నేను సాఫ్టువేరు ఇంజనీరుని. 2020లో లాక్‌డౌన్ పుణ్యమా అని లాప్‌టాపు చంకన పెట్టుకుని ఊరికొచ్చాను. ఆ తర్వాత ఆఫీసువాళ్ళు నెలకోసారి మొహం చూపిస్తే చాలన్నారు గనక ఇక్కడే ఎక్కువగా ఉంటున్నాను. మా నాయన మెకానిక్కు. మొదట్లో పడవ ఇంజన్లు, తర్వాత టైగరు రొయ్య కాలంలో నీళ్ళ మోటార్లు, 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చి గుంటలన్నీ మళ్ళీ కళకళలాడాక ఏరేటర్లు. అంటే గుంటల్లో తెల్లటి రెక్కల చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయే, అవి. ఇప్పుడాయనకి డెబ్బై దాటాయి. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది తీయాలి. అయినా ఫోనొస్తే బండెక్కేస్తాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఆయన వర్కుషాపు. అందులో బిట్లన్నీ ఒక పాత రేకు డబ్బాలో ఉండేవి. గోడకి వేసేవి, ఇనుముకి వేసేవి, చెక్కకి వేసేవి అన్నీ కలగలిపి! కొన్ని మాత్రం విడిగా ఒక పసుపు గుడ్డలో చుట్టి, ఆ మూట అదే డబ్బాలో ఓ మూల. కావలసినప్పుడు ఆయన చెయ్యి పెట్టి, గలగలమని కలిపి, ఒకటి తీసేవాడు. అది సరిగ్గా కావలసిందే అయ్యేది. నేను చెయ్యి పెడితే వేలు కోసుకునేది.

ఇక చూడండి, నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. అరవై సొరుగుల ప్లాస్టిక్ బీరువా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. ప్రతి బిట్టునీ వెర్నియర్ పెట్టి కొలిచాను. సైజుల వారీగా, సగం మిల్లీమీటరు తేడాతో సొరుగులు కేటాయించాను. లేబుళ్ళు ప్రింటు తీసి అంటించాను. స్ప్రెడ్‌షీటు కూడా చేశాను (నవ్వకండి). పసుపు గుడ్డ విప్పి అందులోవి కూడా వాటి వాటి సైజు సొరుగుల్లో వేశాను. గుడ్డ ఉతుకులోకి పోయింది. మా నాయన వచ్చి చూసి, "ఏందబ్బయ్యా ఇది, మందుల షాపు మాదిరుండాదే" అన్నాడు. నేను మెచ్చుకోలు అనుకున్నాను.

మొదటి దెబ్బ ఉప్పుగాలి కొట్టింది.

మన నెల్లూరుకి వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వెళ్ళిపోయాక నాలుగు రోజులకి సొరుగులు తెరిచి చూస్తే, సగం బిట్లకి గోధుమరంగు పొడి పట్టింది. షెడ్డులోకి వాన చుక్క రాలేదు. సొరుగులన్నీ మూసే ఉన్నాయి. మరి?

ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నది. ఇనుముకి తుప్పు పట్టాలంటే వాన అక్కర్లేదు, దాని మీద కాస్త ఉప్పు ఉంటే చాలు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోంచి నీళ్ళు లాక్కుని తనంతట తనే కరిగిపోతుంది. ఉప్పు డబ్బా తడితడిగా అయితే మన అమ్మలు నాలుగు బియ్యపు గింజలు వేసేది ఇందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు అని ఇంకొకటుంది. దానికైతే 33 శాతం తేమే ఎక్కువ. అంటే సముద్రపు ఒడ్డున ఉప్పు పడిన బిట్టు మీద, ఎండగా ఉన్న రోజు కూడా, కంటికి కనపడని తడి పొర ఉంటూనే ఉంటుంది. 'హై స్పీడ్ స్టీలు' అని పేరు ఘనంగా ఉంటుంది గానీ అందులో క్రోమియం నాలుగు శాతం దాకా మాత్రమే. తుప్పు పట్టకుండా ఉండాలంటే పదిన్నరైనా ఉండాలి. పైగా నా సొరుగులు గాలి చొరనివేమీ కావు. పగలు వేడెక్కి గాలి వదులుతాయి, రాత్రి చల్లబడి తేమగాలి పీల్చుకుంటాయి. ఉప్పు పట్టిన వేళ్ళతో ఒక్కోదాన్ని కొలిచి, తుడవకుండా లోపల పెట్టిందీ నేనే.

మరి రేకు డబ్బాలో అన్నేళ్ళు ఎందుకు పట్టలేదు? ఆ డబ్బా అడుగున ఎప్పుడూ నూనె గుడ్డ ఉండేది. నేను దాన్ని మురికి అనుకుని పారేశాను.

సరే, తుప్పు తుడిచాను, నూనె రాశాను, బుద్ధొచ్చింది అనుకున్నాను. అసలు బుద్ధి ఏప్రిల్లో వచ్చింది.

రాత్రి రెండున్నరకి ఫోను. మా ఊరికి రెండు కిలోమీటర్లలో ఒక రైతు. నాలుగు ఏరేటర్లలో ఒకటి సాయంత్రమే మోటారు కాలి ఆగింది. ఇప్పుడు రెండోది మోటారు ఊగిపోయి ఆగింది. ఈ పని తెలియనివారికి ఒక మాట. గుంటలో పగలు నాచు ఎండ సాయంతో ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రి నాచు, రొయ్య, అడుగున ఉన్న బురదలోని సూక్ష్మజీవులు అన్నీ దాన్ని వాడుకునేవే. అందుకే తెల్లవారే ముందు గుంటలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ. లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల పైన ఉండాలని రైతులు చూసుకుంటారు. మూడు కిందకి పోతే రొయ్య అవస్థ పడుతుంది. వేసవిలో ఇంకా కష్టం, వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ ఇముడుతుంది. కాబట్టి రాత్రి మూడింటికి ఏరేటరు ఆగడమంటే ఫ్యాను ఆగడం లాంటిది కాదు.

నాయన ముందు వెళ్ళాడు. కాసేపటికి ఫోను చేశాడు. మోటారుని పట్టుకునే స్టెయిన్‌లెస్ బోల్టు, ఎనిమిది మిల్లీమీటర్లది, తల తెగి గేరుబాక్సు కేసింగులో ఇరుక్కుపోయింది. మధ్యలో బెజ్జం వేసి తియ్యాలి. "అయిదు స్టీలు బిట్టు, పంచి, మిషను తీసకరా." స్టీలు బిట్టంటే ఆయన భాషలో స్టెయిన్‌లెస్ కోసే బిట్టు. నేను షెడ్డులోకి పోయి 5.0 అని రాసి ఉన్న సొరుగు ఠక్కున లాగాను. ఒక్క సెకను కూడా పట్టలేదు. మనసులో కాస్త గర్వంగా కూడా అనిపించింది. సొరుగులో మూడు బిట్లున్నాయి. ఒకటి నల్లది. రెండు బంగారు రంగువి. మెరిసేదాన్ని తీసుకుని పరిగెత్తాను.

ఆ రెండింటికీ తేడా ఏమిటో చెప్పాలి. ఒకటి కోబాల్టు బిట్టు. లోహం మొత్తంలో అయిదు శాతం కోబాల్టు కలిసి ఉంటుంది. వేడెక్కినా పదును పోదు, స్టెయిన్‌లెస్‌ని కోస్తుంది. దానిది కాస్త మాసిన గడ్డి రంగు. ఇంకోటి మామూలు బిట్టే, పైన టైటానియం నైట్రైడు పూత. పూత మందం మైక్రాన్లలో ఉంటుంది, లోపలంతా మామూలు లోహమే. రంగు మాత్రం నిగనిగలాడే బంగారం. పైగా నా దాని అంచుకి మిచాంగ్ తుప్పు గుర్తులున్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఒక పొగరుంది. బిట్టు కోయకుండా ఊరికే రుద్దుకుంటే ఆ చోట అది ఇంకా గట్టిపడుతుంది.

నాయనకి అందించాను. సెల్లు వెలుగులో ఆయన చూసుకోలేదు. కొడుకు తెచ్చాడు గదా! రెండు తిప్పులు తిరిగిందో లేదో కీచుమని అరిచింది. "ఇది మనది కాదబ్బయ్యా" అని ఆయన మిషను ఆపేలోపు పుటుక్కుమంది. ఇప్పుడు బోల్టు లోపల బిట్టు ముక్క. దాన్ని తియ్యడం ఆ చీకట్లో మానవమాత్రుడి వల్ల అయ్యేది కాదు. నాయన ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యలేదు. ఒక చెక్కముక్క ఇరికించి, బైండింగ్ వైరుతో మోటారుని ఫ్రేముకి కట్టి, తెల్లారేదాకా పక్కన కూర్చుని వైరు బిగిస్తూ నడిపించాడు. కానీ ముప్పావు గంట పైగా పోయింది. పొద్దునకి గట్టు వారన కొన్ని రొయ్యలు తేలాయి. ఎంత సరుకు పోయిందో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద నాయన అన్నది ఇంతే: "నీ పెట్టెలో తప్పేం లేదులే. గుడ్డ ఎందుకు ఇప్పినావు?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను చేసిందేమిటంటే, సైజు ఒకటే కాబట్టి ఆ మూడూ ఒకే రకం అనుకున్నాను. సైజు కొలవడం తేలిక, లేబులు మీద రాయడం తేలిక, స్ప్రెడ్‌షీటులో ఇమడటం తేలిక. కానీ పని చేసేవాడికి కావలసింది 'అయిదు మిల్లీమీటర్లు' కాదు. 'స్టీలు బోల్టులో బెజ్జం'. నాయన సర్దింది పనిని బట్టి. నేను సర్దింది కొలతని బట్టి. పైగా చూడ్డానికి ఒకేలా ఉండి, పనిలో తేడా ఉన్నవాటిని తీసుకొచ్చి పక్కపక్కన పడుకోబెట్టాను. ప్రమాదాలన్నీ ఇలాగే కదా జరిగేది! మా వృత్తిలో అసలు డేటాబేసు కిటికీ, పరీక్షల కోసం పెట్టుకున్న డేటాబేసు కిటికీ ఒకేలా కనపడి, దీంట్లో కొట్టాల్సిన 'డిలీట్' దాంట్లో కొట్టి చేతులు కాల్చుకున్నవాళ్ళు ఆఫీసుకొకరుంటారు. అందుకే అసలుదానికి ఎర్ర రంగు పెట్టుకుంటాం. ఆసుపత్రుల్లో కూడా పేరో డబ్బా రంగో ఒకేలా ఉన్న మందుల్ని దూరదూరంగా పెట్టాలన్నది తెలిసిన జాగ్రత్తే. మా నాయన మందుల షాపు అన్నాడే, మంచి మందుల షాపు కూడా నాలా చెయ్యదన్నమాట.

అలాగని పెద్దవాళ్ళు చేసిందంతా ఒప్పే అనే రకం కాదు నేను. రేకు డబ్బాకీ దోషాలున్నాయి. గోడ బిట్ల కొనకి కార్బైడు ముక్క అతికి ఉంటుంది. అది గట్టిదే గానీ పెళుసు. గలగలమని కలిపితే అదీ పెట్లుతుంది, పక్కనున్న వాటి పదునూ పోతుంది. ఇంకో పెద్ద దోషం, ఆ డబ్బా తెలివంతా మా నాయన కళ్ళలో, వేళ్ళలో ఉంది. ఆ కళ్ళకి శుక్లాలు. రేపు ఇంకెవరైనా ఆ డబ్బాలో చెయ్యి పెడితే? వేలు కోసుకుంటారు, అంతే.

కాబట్టి ఇద్దరం కూర్చుని మూడోది ఒకటి తయారుచేశాం. పనికొస్తుందేమో అని వివరంగా చెబుతున్నాను.

మా అమ్మ జంతికల స్టీలు డబ్బా, మూత బిగుతుగా పట్టేది, ఒకటి సంపాదించాం (ఎలా అని అడక్కండి). చెక్క దిమ్మ తేమ పీలుస్తుంది గనక, కూరలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక కోసి రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి బిగించాం (అదీ అమ్మదే). ఒక్కో బిట్టుకి దాంతోనే ఒక్కో బెజ్జం వేశాం. దీనివల్ల లాభమేమిటంటే బెజ్జమే కొలబద్ద. బిట్టు మీద అంకె చెరిగిపోయినా, కళ్ళు కనపడకపోయినా, అది పట్టే బెజ్జాల్లో అన్నిటికన్నా చిన్నది ఏదో అదే దాని సైజు. నాయన ఇప్పుడు వేళ్ళతో చూస్తాడు. హ్యామరు మిషను బిట్లకి మాత్రం ఇది పనిచెయ్యదు, ఏ సైజుదైనా వాటి కాడ పది మిల్లీమీటర్లే. వాటికి పెయింటు పట్టీలు వేశాం.

వరసలు పనిని బట్టి. ఎర్ర వరస గోడకి: 6, 8, 10, 12. నీలం వరస ఇనుముకి: 3, 4.2, 5, 6.6, 6.8, 8.5, 9. తెల్ల వరస చెక్కకి: 3, 5, 8. మొత్తం పద్నాలుగు. ఇనుము వరసలో ఆ వింత అంకెలు ఊరికే రాలేదు. 4.2 అయిదు బోల్టు మరకి, 5 ఆరు బోల్టు మరకి, 6.8 ఎనిమిదికి, 8.5 పదికి. 6.6లో ఆరు బోల్టు, 9లో ఎనిమిది బోల్టు సులువుగా దూరిపోతాయి. 3 అన్నిటికీ ముందు దారి చెయ్యడానికి. నన్నడిగితే ఇంటి వర్కుషాపుకి వంద బిట్ల సెట్టు కొనడం డబ్బు దండగ. అందులో ఎనభై తుప్పు పట్టడానికే పుడతాయి. ఆ డబ్బుతో మంచి కంపెనీవి పద్నాలుగు కొనుక్కోవచ్చు. మా నాయనైతే మద్రాసు అడిసన్ వాళ్ళవి తప్ప ముట్టడు, 1873 నాటి కంపెనీ మరి.

స్టీలు బిట్లకి ఈ డబ్బాలో చోటు లేదు. అవి మళ్ళీ పసుపు గుడ్డలోకే వెళ్ళాయి. వాటితోపాటు ఒక సెంటరు పంచి, ఎనిమిది మర ట్యాపు, కోత నూనె చిన్న సీసా. ఆ మూట నాయన బండి డిక్కీలోనే ఉంటుంది. అంటే అక్కడ సర్దింది వస్తువుల్ని కూడా కాదు, ఒక పనిని మొత్తంగా చుట్టి పెట్టాం.

తుప్పు సంగతి. వాడాక బ్రష్షుతో రజను దులిపి, కిరోసిను గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పల్చగా రాసి పెట్టాలి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురై కూర్చుంటుంది. డబ్బా అడుగున తుప్పు పట్టనివ్వని కాయితం ఒకటి వేశాం. మోటారు స్పేరు పార్టులు చుట్టి వస్తాయే, అలాంటిది. దాన్లోంచి వచ్చే ఆవిరి లోహం మీద పొరగా పట్టుకుంటుంది. దాంతోపాటు నీలం సిలికా జెల్ పొట్లం ఒకటి. అది గులాబి రంగుకి తిరిగితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. వంట పాత్రలో మాత్రం చెయ్యకండి. ఆ నీలం రంగు కోబాల్టు క్లోరైడుది, మంచిది కాదు.

ఇక ఆఖరి నియమం: బెజ్జం ఖాళీగా ఉంటే మూత పెట్టకూడదు. విమానాలు బాగుచేసే చోట పనిముట్ల పెట్టెలో ప్రతిదానికీ దాని ఆకారంలో గుంట ఉంటుంది. ఏ గుంటయినా ఖాళీగా ఉంటే, ఆ పనిముట్టు విమానంలో ఎక్కడ ఉండిపోయిందో అని వెతకాల్సిందే. మా డబ్బాకీ అదే. రేకు డబ్బాలోంచి ఒకటి పోతే ఆరు నెలలకి గానీ తెలియదు, అదీ రాత్రి మూడింటికి.

"ఓ బిట్టు ఎంతుంటుందండీ? పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, దీనికింత రాద్ధాంతమా" అని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమే, పగలు పదకొండింటికి నెల్లూరు ట్రంకురోడ్డులో నిలబడితే అది చాలా చవక వస్తువు. పాతిక కిలోమీటర్ల అవతల, తెల్లవారుజామున, నీళ్ళలో ప్రాణవాయువు దిగిపోతున్నప్పుడు దాని ఖరీదు వేరు. వస్తువు ఎక్కడ పెట్టుకోవాలి అన్నది దాని కొన్న ధరని చూసి కాదు, లేనప్పుడు పడే ధరని చూసి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. అలాగే ఇంకొకళ్ళు సర్దుకున్నది మనకి చిందరవందరగా కనపడితే, విప్పే ముందు 'ఈ ముడి ఎందుకేశావు' అని ఒక్కసారి అడగాలి. నేను అడిగుంటే నాయన అర నిమిషంలో చెప్పేవాడు.

అరవై సొరుగుల బీరువా పారెయ్యలేదు. అమ్మ పట్టుకెళ్ళి ఆవాలు, జీలకర్ర, బొత్తాలు, సూదులు పెట్టుకుంది. లేబుళ్ళు పీకేసింది.